జె. ఎన్. రెడ్డి – నిర్మాణముల అస్థిరతపై పరిశోధనలు

జునుతుల ఎన్. రెడ్డి (జననము: 1945 ఆగష్టు 12) తెలంగాణలోని వరంగల్లుకు చెందిన ఇంజనీరింగు ఆచార్యులు, ప్రముఖ యంత్రశాస్త్ర పరిశోధకులు. విద్వల్లోకములో ఈయన జె. ఎన్. రెడ్డిగా సుప్రసిద్ధులు. పొరలు పొరలుగా చేయబడిన పలకలు బరువునకు ఎట్లు వంగును, ఎట్లు కంపించును, ఏ బరువు వద్ద ఆకారము తప్పును అను ప్రశ్నలకు సమాధానముగా ఈయన 1984లో ప్రతిపాదించిన సిద్ధాంతము "రెడ్డి మూడవ తరగతి షియర్ సిద్ధాంతము" అను పేర ప్రపంచమంతటను వాడుకలో ఉన్నది. ఈ వ్యాసము ఈయన పరిశోధనలలో నిర్మాణముల అస్థిరతకు సంబంధించిన భాగమును ముఖ్యముగా వివరించును.

జీవిత విశేషములు

రెడ్డి జన్మించిన నాటికి వరంగల్లు నిజాము పాలనలోని హైదరాబాదు సంస్థానములో భాగము. ఈయన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయము నుండి 1968లో మెకానికల్ ఇంజనీరింగులో పట్టభద్రులైనారు. అటుపిమ్మట అమెరికా వెళ్ళి 1970లో ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయము నుండి ఎం.ఎస్., 1974లో హంట్స్‌విల్‌లోని అలబామా విశ్వవిద్యాలయము నుండి పిహెచ్.డి. పట్టములు పొందినారు. డాక్టరేటు పరిశోధనలో ఈయనకు మార్గదర్శి జె. టిన్స్‌లీ ఓడెన్. కంప్యూటరు సహాయముతో నిర్మాణములను విశ్లేషించు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతికి గణిత పునాదులు వేసిన వారిలో ఓడెన్ ఒకరు.

కొంతకాలము లాక్‌హీడ్ సంస్థలో పరిశోధకులుగా పనిచేసిన పిమ్మట రెడ్డి 1975 నుండి 1980 వరకు ఓక్లహోమా విశ్వవిద్యాలయములోను, 1980 నుండి 1992 వరకు వర్జీనియా టెక్‌లోను బోధించినారు. 1992లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయములో ఆస్కార్ ఎస్. వ్యాట్ పీఠమునకు మొట్టమొదటి ఆచార్యులుగా చేరినారు.

అస్థిరత అనగానేమి?

ఒక వస్తువుపై బరువు పెంచుకొనుచు పోయిన అది రెండు విధములుగా చెడవచ్చును. మొదటిది, పదార్థము బరువునకు తట్టుకొనలేక నలుగుట, చిట్లుట, లేదా తెగుట. రెండవది, పదార్థము చెక్కుచెదరక ఉండగనే వస్తువు తన ఆకారమును నిలుపుకొనలేక ఒక్కసారిగా ప్రక్కకు వంగిపోవుట. ఈ రెండవ దానిని ఇంజనీర్లు బక్లింగ్ అందురు. నిర్మాణముల అస్థిరతలో ఇది ప్రధానమైనది.

ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రములో స్థిర, అస్థిర, తటస్థ సమతాస్థితులను గురించి చదివియుందుము. గిన్నె అడుగున ఉన్న గోళీని కొంచెము కదిపిన అది తిరిగి తన చోటికి వచ్చును. బోర్లించిన గిన్నె పైన ఉన్న గోళీని కదిపిన అది జారిపోవును. బరువు మోయు స్తంభము స్థితియు ఇట్టిదే. తక్కువ బరువు ఉన్నప్పుడు దానిని ప్రక్కకు కొంచెము నెట్టి వదలిన మరల నిటారుగా నిలుచును. బరువు ఒక హద్దును చేరిన తరువాత అదే స్తంభము చిన్న కదలికకే ప్రక్కకు ఒరిగి మరల లేవదు. ఆ హద్దునకే సంధి భారము అని పేరు.

దీనిని ఇంటి వద్ద సులభముగా పరీక్షించవచ్చును. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలును బల్లపై నిలువుగా నిలిపి అరచేతితో పైనుండి నొక్కిన, కొద్ది బలమునకే అది విల్లువలె వంగును. చేయి తీసిన మరల తిన్నగా అగును. అనగా ప్లాస్టిక్కు ఏ హానియు కలుగలేదు. ఆకారము మాత్రమే ఓడిపోయినది.

ఆయిలర్ సూత్రము

ఈ సంధి భారమును మొదట లెక్కకట్టినవారు స్విట్జర్లాండునకు చెందిన గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్. ఆయన 1744లో ఈ ఫలితమును వెలువరించి, 1757లో మరల విస్తరించినారు. రెండు కొనలు కీలు వలె తిరుగగల స్తంభము సంధి భారము, పదార్థపు యంగ్ గుణకమునకును, అడ్డుకోత యొక్క జడత్వ భ్రామకమునకును అనులోమానుపాతములోను, పొడవు వర్గమునకు విలోమానుపాతములోను ఉండును.

పైన చెప్పిన స్కేలు 30 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందము కలదనియు, దాని యంగ్ గుణకము చదరపు మిల్లీమీటరుకు 2500 న్యూటన్లు అనియు అనుకొందము. సూత్రము ప్రకారము సంధి భారము సుమారు 5.5 న్యూటన్లు, అనగా అరకిలో బరువునకు కొంచెము ఎక్కువ. అదే ప్లాస్టిక్కు చదరపు మిల్లీమీటరుకు 60 న్యూటన్ల ఒత్తిడిని ఓర్చగలదనుకొనిన, స్కేలు నలిగిపోవుటకు 3600 న్యూటన్లు, అనగా 360 కిలోలకు పైగా బరువు కావలెను. బలమునకును స్థిరత్వమునకును మధ్యగల వ్యత్యాసము ఈ రెండు సంఖ్యలలో స్పష్టమగును. స్కేలును 15 సెంటీమీటర్లకు కత్తిరించిన సంధి భారము నాలుగు రెట్లై సుమారు 2.2 కిలోలగును. పదార్థము అదియే, మందము అదియే, పొడవు మాత్రము సగము.

క్యూబెక్ వంతెన

ఈ విషయమును తక్కువగా అంచనా వేసిన ఫలితము కెనడాలోని క్యూబెక్ వంతెన చరిత్రలో కానవచ్చును. సెయింట్ లారెన్స్ నదిపై నిర్మించుచున్న ఈ ఉక్కు వంతెన 1907 ఆగష్టు 29న కూలిపోగా 75 మంది కార్మికులు మరణించినారు. వంతెన స్వంత బరువును రూపకర్తలు తక్కువగా లెక్కించినారు. ఒత్తిడిని మోయు క్రింది ఉక్కు దూలములలోని పలకలను కలిపి ఉంచు జాలీ కమ్మీలు కూడ బలహీనముగా ఉండెను. ప్రమాదమునకు రెండు దినముల ముందే ఒక దూలము 2 అంగుళములకు పైగా వంగినట్లు పనివారు కనుగొనినారు. పని ఆపవలెనను నిర్ణయము నిర్మాణ స్థలమునకు సకాలములో చేరలేదు. అస్థిరత వలన కలుగు ప్రమాదము సాధారణముగా ఆకస్మికమైనది. ముందుగా కనిపించు గుర్తులు చిన్నవి, ఆపైన దొరకు వ్యవధి స్వల్పము. కావున సంధి భారమును ముందే సరిగా లెక్కకట్టుట తప్పనిసరి.

మిశ్రమ పదార్థములతో వచ్చిన చిక్కు

ఉక్కు, అల్యూమినియము వంటి లోహములు అన్ని దిశలలోను ఒకే గుణములు కలవి. 20వ శతాబ్దపు రెండవ అర్ధభాగములో విమానములకు, అంతరిక్ష నౌకలకు కాంపోజిట్ అనబడు మిశ్రమ పదార్థములు ప్రవేశించినవి. ఎపాక్సీ వంటి జిగురులో కార్బను పోగులను లేదా గాజు పోగులను పరచి పలుచని పొరలు చేయుదురు. ఆ పొరలను వేర్వేరు దిశలలో ఒకదానిపై నొకటి పేర్చి గట్టి పలకగా మార్చుదురు. ఇవి తేలికయైనవి, దృఢమైనవి. 2011లో ప్రయాణీకుల సేవలో ప్రవేశించిన బోయింగ్ 787 విమానపు నిర్మాణ భారములో సుమారు సగము ఇట్టి పదార్థములే.

ఇట్టి పలకలో పోగుల దిశలో దృఢత్వము చాల ఎక్కువ. కాని పొరలు ఒకదానిపై నొకటి జారకుండ పట్టి ఉంచునది ముఖ్యముగా జిగురే. ఒక పుస్తకమును మధ్యలో వంచి చూచిన కాగితములు ఒకదానిపై నొకటి జారుట కానవచ్చును. అంచులు ఏటవాలుగా అగును. ఈ జారుడు వికృతికే షియర్ అని పేరు. ఉక్కులో యంగ్ గుణకము షియర్ గుణకమునకు సుమారు 2.6 రెట్లు మాత్రమే. పోగుల మిశ్రమములో ఈ నిష్పత్తి పదుల రెట్లు ఉండవచ్చును. కావున లోహములో ఉపేక్షించదగిన షియర్ వికృతి మిశ్రమ పదార్థములో ఉపేక్షించరానిది.

పలకలను గురించిన ప్రాచీన సిద్ధాంతము 1850లో జర్మనీ శాస్త్రవేత్త గుస్టావ్ కిర్కాఫ్ రూపొందించినది. పలకకు లంబముగా గీసిన సరళరేఖ, పలక వంగిన తరువాత కూడ దానికి లంబముగానే ఉండునని ఆ సిద్ధాంతము భావించును. అనగా షియర్ వికృతి శూన్యమని అర్థము. దీనిని సవరించుచు ఎరిక్ రైస్నర్ 1945లోను, రేమండ్ మిండ్లిన్ 1951లోను షియర్‌ను చేర్చిన సిద్ధాంతములు ప్రకటించినారు. వానిని ఆధారముగా చేసికొని పెరిగిన మొదటి తరగతి సిద్ధాంతములో షియర్ వికృతి పలక మందమంతటను ఒకే విధముగా ఉండునని తీసుకొందురు. వాస్తవమున పలక పై ముఖము వద్దను, క్రింది ముఖము వద్దను పట్టి ఉంచునది ఏదియు లేదు గనుక అచ్చట షియర్ శూన్యము కావలెను. ఈ లోపమును పూరించుటకు సవరణ గుణకము ఒకటి వాడవలసి వచ్చినది. ఒకే పదార్థపు పలకకు ఈ గుణకమును 5/6గా తీసుకొనుట పరిపాటి. పొరల పలకలలో మాత్రము పొరల సంఖ్యను, అమరికను బట్టి అది మారుచుండును.

మూడవ తరగతి సిద్ధాంతము

1984లో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘపు అనువర్తిత యంత్రశాస్త్ర పత్రికలో రెడ్డి ప్రకటించిన వ్యాసము ఈ చిక్కునకు సులభమైన పరిష్కారము చూపినది. పలకకు లంబముగా గీసిన రేఖ వంగిన తరువాత సరళరేఖగా మిగులనక్కరలేదనియు, అది మూడవ ఘాతపు వక్రరేఖ కావచ్చుననియు ఈయన తీసుకొనినారు. అప్పుడు షియర్ వికృతి మందము వెంట పరావలయ రూపములో మారును. మధ్యలో గరిష్ఠము, రెండు ముఖముల వద్ద శూన్యము. సవరణ గుణకముతో పని లేదు.

ఇట్టి వక్రరేఖలను అంతకుముందు వాడినవారు లేకపోలేదు. 1980లో మార్క్ లెవిన్సన్ ఇదే విధమైన స్థానభ్రంశములతో ఒక సిద్ధాంతము ప్రకటించినారు. అయితే ఆయన సమతాస్థితి సమీకరణములను పాత సిద్ధాంతము నుండి తీసుకొనినారు. రెడ్డి కల్పిత పని సూత్రమును ఆధారము చేసికొని, క్రొత్త స్థానభ్రంశములకు తగిన సమీకరణములను, అంచుల వద్ద పాటించవలసిన నియమములను మొదటినుండి రాబట్టినారు. మరియొక సౌకర్యము కూడ కలదు. ఈ సిద్ధాంతములో కనుగొనవలసిన అజ్ఞాత రాశులు ఐదు మాత్రమే. మొదటి తరగతి సిద్ధాంతములోను అంతే. కచ్చితత్వము పెరిగినను అజ్ఞాత రాశులు పెరుగకపోవుటయే దీని విశేష వ్యాప్తికి కారణములలో ఒకటి.

సంధి భారములో తేడా

1985లో రెడ్డి, ఎన్. డి. ఫాన్ కలిసి ఈ సిద్ధాంతమును పలకల బక్లింగ్‌కును, కంపనములకును అన్వయించినారు. దీని ప్రయోజనము తెలిసికొనుటకు ఒక ప్రసిద్ధ ఉదాహరణము చాలును. నాలుగు పొరల చదరపు పలకను తీసుకొందము. పై పొర, క్రింది పొరల పోగులు ఒక దిశలోను, లోపలి రెండు పొరల పోగులు దానికి లంబ దిశలోను ఉన్నవి. పోగుల దిశలో యంగ్ గుణకము అడ్డు దిశలోని దానికి 40 రెట్లు. పలక ప్రక్క పొడవు దాని మందమునకు 10 రెట్లు. పలకను ఒక దిశలో అంచుల వెంట నొక్కిన అది ఎంత ఒత్తిడి వద్ద బక్లింగ్ చెందును?

ప్రామాణికమైన, ప్రమాణములు లేని సంఖ్యలలో చెప్పిన:

* త్రిమితీయ స్థితిస్థాపకతా సిద్ధాంతము ద్వారా ఎ. కె. నూర్ 1975లో లెక్కకట్టిన విలువ సుమారు 22.9
* రెడ్డి మూడవ తరగతి సిద్ధాంతము ద్వారా వచ్చు విలువ సుమారు 23.3
* కిర్కాఫ్ సంప్రదాయ సిద్ధాంతము ద్వారా వచ్చు విలువ సుమారు 36.2

మొదటి విలువను సత్యమునకు అతి సమీపమైనదిగా తీసుకొనవచ్చును. దానితో పోల్చిన రెడ్డి సిద్ధాంతములో దోషము సుమారు 2 శాతము. సంప్రదాయ సిద్ధాంతములో దోషము 58 శాతము. అంతకంటె ముఖ్యమైనది దోషము యొక్క దిశ. షియర్‌ను విస్మరించిన లెక్క పలకను ఉన్నదానికంటె దృఢమైనదిగా చూపును. 36 మోయునని నమ్మి 30 మోపిన ఇంజనీరు తాను భద్రమైన హద్దులో ఉన్నాననుకొనును. కాని ఆ పలక 23 వద్దనే ఆకారము తప్పును. తక్కువ చూపు దోషము వలన సొమ్ము వృధా అగును. ఎక్కువ చూపు దోషము వలన ప్రాణహాని కలుగవచ్చును.

ఈ ఉదాహరణములో మొదటి తరగతి సిద్ధాంతము కూడ, 5/6 సవరణ గుణకముతో, సత్యమునకు దగ్గరి విలువనే ఇచ్చును. అయితే ఆ గుణకమును ముందుగా ఎన్నుకొనవలెను. మూడవ తరగతి సిద్ధాంతములో అట్టి ఎన్నిక లేదు. పలక చాల పలుచనైనప్పుడు, అనగా ప్రక్క పొడవు మందమునకు 100 రెట్లు ఉన్నప్పుడు, అన్ని సిద్ధాంతములును ఇంచుమించు ఒకే విలువకు చేరును. మందము పెరిగిన కొలది తేడాలు బయలుపడును.

బక్లింగ్ తరువాత

స్తంభము బక్లింగ్ చెందిన తరువాత అంతకుమించి బరువు మోయలేదు. అంచులు ఆధారముపై నిలిచిన పలకల సంగతి వేరు. అవి అలలు అలలుగా ముడుతపడియు మరికొంత బరువు మోయగలవు. విమానపు చర్మము వంటి పలుచని భాగముల రూపకల్పనలో ఈ మిగులు శక్తిని లెక్కలోకి తీసుకొనుట కలదు. అది ఎంతవరకు అను ప్రశ్నకు సమాధానము సరళ సమీకరణములలో దొరకదు. 1992లో ఎంగెల్‌స్టాడ్, రెడ్డి, నైట్ కలిసి గ్రాఫైట్-ఎపాక్సీ పలకలు బక్లింగ్ తరువాత ఎట్లు ప్రవర్తించును, చివరకు ఎచ్చట విఫలమగును అను విషయమును ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో లెక్కకట్టి, అంతకుముందు జరిగిన ప్రయోగముల ఫలితములతో పోల్చినారు. ఈ ప్రయోగములలో పలకలు ముడుతల మధ్యనున్న కదలని గీత వెంబడి, షియర్ కారణముగా విఫలమగుట గమనించబడినది. బక్లింగ్‌కు ముందు నిర్లక్ష్యము చేయబడిన షియరే తుదకు పలకను చెడగొట్టు కారణముగా తేలినది.

పలుచని స్తూపాకార పెంకుల సంగతి పలకలకు వ్యతిరేకము. చిన్న సొట్ట ఉన్నను అవి సిద్ధాంతము చెప్పిన బరువులో కొంత భాగము వద్దనే హఠాత్తుగా కూలును. ఇందుకు కారణమును నెదర్లాండ్సునకు చెందిన డబ్ల్యు. టి. కోయిటర్ 1945 నాటి డాక్టరేటు గ్రంథములో వివరించినారు.

పదార్థములోని అస్థిరత

అస్థిరత నిర్మాణమునకే పరిమితము కాదు. పదార్థము లోపల కూడ అది కలుగును. మిశ్రమ పదార్థమును పోగుల దిశలో నొక్కినప్పుడు, జిగురులో ఇమిడియున్న ఒక్కొక్క పోగును సన్నని స్తంభముగా భావించవచ్చును. జిగురు ప్రక్కల నుండి దానిని ఆపుచుండును. జిగురు ఆపలేని స్థితిలో పోగులన్నియు కలిసి ప్రక్కకు వంగిపోవును. ఈ దృష్టితో బి. డబ్ల్యు. రోజెన్ 1965లో లెక్క చేసి, నొక్కుడు బలమునకు హద్దు జిగురు యొక్క షియర్ గుణకమును బట్టి ఉండునని చూపినారు. పోగుల మిశ్రమములు లాగినప్పటికంటె నొక్కినప్పుడు సాధారణముగా తక్కువ బలమును చూపుటకు ఇది ఒక కారణము. పలక స్థాయిలో షియర్ వహించు పాత్రయే పోగు స్థాయిలోను కానవచ్చుట గమనింపదగినది.

రెడ్డి తరువాతి పరిశోధనలు క్రొత్త పదార్థములకు విస్తరించినవి. ఒక ముఖమున పింగాణి వంటి సిరామిక్కు, రెండవ ముఖమున లోహము ఉండి, మధ్యలో క్రమముగా ఒకటి రెండవదానిలోనికి మారు పలకలను క్రమానుగత పదార్థములు అనవచ్చును. పొరల మధ్య ఆకస్మికమైన హద్దు లేనందున పొరలు విడిపోవు భయము తగ్గును. ఇట్టి పలకలకు మూడవ తరగతి సిద్ధాంతమును అన్వయించి రెడ్డి 2000లో వ్యాసము ప్రకటించినారు. 2007లో అతి సూక్ష్మమైన దూలముల వంపు, బక్లింగ్, కంపనములను గురించి వ్రాసినారు. ఒక బిందువు వద్ద ప్రతిబలము చుట్టుప్రక్కల బిందువుల వికృతిపై కూడ ఆధారపడునను ఎరింగెన్ భావనను అందు వాడినారు. ఈ లెక్కలో సూక్ష్మ దూలముల సంధి భారము సాధారణ సిద్ధాంతము చెప్పినదానికంటె తగ్గును.

పరిమితులు

మూడవ తరగతి సిద్ధాంతము మొత్తము పలకను ఒకే పొరగా భావించి లెక్కించును. పలక యొక్క వంపు, సంధి భారము, కంపనముల సంఖ్య వంటి సమగ్ర లక్షణములకు ఇది చాలును. రెండు పొరల మధ్య జిగురుపై పడు ప్రతిబలమును నేరుగా తెలిసికొనవలెనన్న, ముఖ్యముగా అంచుల వద్దను, రంధ్రముల వద్దను, ఇది చాలదు. ఈ పరిమితిని గుర్తించి రెడ్డియే 1987లో పొరపొరకు వేర్వేరు స్థానభ్రంశములు తీసుకొను సిద్ధాంతమును ప్రకటించినారు. అందు కచ్చితత్వము ఎక్కువ, లెక్కల భారమును ఎక్కువే. ఏ పనికి ఏ సిద్ధాంతము చాలునో ఎన్నుకొనుట ఇంజనీరు బాధ్యత.

మన పరిసరములలో అస్థిరత

ఖమ్మం జిల్లాలో అడవుల అంచున ఉన్న ఏన్కూరు వంటి ప్రాంతముల వారికి వెదురు సుపరిచితము. ప్రకృతి సిద్ధమైన మిశ్రమ పదార్థమునకు వెదురు చక్కని ఉదాహరణము. దాని గోడలో నారలు బయటి అంచు వైపు దట్టముగాను, లోపలి వైపు పలుచగాను ఉండును. వంపునకు ఎక్కువ ఒత్తిడి పడు చోట ఎక్కువ నారలు ఉండుట వలన తక్కువ బరువుతో ఎక్కువ దృఢత్వము లభించును. క్రమానుగత పదార్థముల వెనుక ఉన్న ఆలోచనయు ఇదియే. వెదురు కణుపుల వద్ద లోపల అడ్డుగోడలు ఉండును. బోలు గొట్టమును వంచిన దాని గుండ్రని అడ్డుకోత చదునై, తుదకు మడతపడును. ఈ విధమైన అస్థిరతను ఎల్. జి. బ్రేజియర్ 1927లో వివరించినారు. కణుపులు గొట్టము చదును కాకుండ ఆపును.

ఇండ్ల శ్లాబు పనిలో సెంట్రింగు క్రింద జామాయిల్ కర్రలను, పరంజాకు వెదురు బొంగులను నిలుపుదురు. ఈ నిలువు కర్రలకు నడుమ రెండు దిశలలోను అడ్డుకర్రలు కట్టి, వానిని ఏటవాలు కర్రలతో బిగించుట అలవాటుగా జరుగు పని. ఆయిలర్ సూత్రమును బట్టి చూచిన దీని విలువ తెలియును. కర్ర నడిమి భాగము ప్రక్కకు కదలకుండ ఆపిన, అది సగము పొడవు గల రెండు కర్రలతో సమానము. సిద్ధాంతరీత్యా సంధి భారము నాలుగు రెట్లగును. పచ్చి కాంక్రీటు తనను తాను మోయలేదు గనుక, శ్లాబు గట్టిపడువరకు బరువంతయు ఈ కర్రలదే. నడుమ కట్టు విడిపోయినను, వంకర కర్రను నిలిపినను, కర్ర ఎంత గట్టిదైనను ప్రమాదము తప్పదు. కర్ర విరుగునా అని మాత్రమే చూచుట చాలదు, వంగునా అని కూడ చూడవలెను.

గ్రంథములు, పురస్కారములు

రెడ్డి 1984లో వెలువరించిన ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి పరిచయ గ్రంథము అనేక దేశములలో పాఠ్యపుస్తకముగా ఉపయోగింపబడినది. పొరల మిశ్రమ పలకల యంత్రశాస్త్రముపై ఈయన గ్రంథము 1997లో వెలువడగా, పెంకులను కూడ చేర్చిన రెండవ ముద్రణ 2004లో వచ్చినది. 2005లో సి. ఎం. వాంగ్, సి. వై. వాంగ్‌లతో కలిసి స్తంభములు, పలకలు మొదలగువాని బక్లింగ్‌కు కచ్చితమైన పరిష్కారములను ఒకేచోట సమకూర్చిన గ్రంథమును ప్రకటించినారు.

ఈయన 2015లో అమెరికా జాతీయ ఇంజనీరింగు అకాడమీ సభ్యులుగా ఎన్నికైనారు. 2018లో అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘము నుండి థియొడోర్ వాన్ కార్మాన్ పతకమును, 2019లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము నుండి తిమొషెంకో పతకమును పొందినారు. స్తంభముల, పలకల స్థిరత్వముపై విస్తృతముగా కృషి చేసిన స్టీఫెన్ తిమొషెంకో పేర నెలకొల్పిన ఈ పతకము అనువర్తిత యంత్రశాస్త్ర రంగములో అత్యున్నత గౌరవములలో ఒకటి.